నా చెవుడు నిజమేనని ప్రమాణం

నా చిన్నప్పుడు నాకు కొన్నాళ్లు బాగా వినిపించేది, కొన్నాళ్లు వినిపించేది కాదు. ఈ మాట చెబితే ఇప్పటికీ చాలామంది నా ముఖం వంక అదోలా చూస్తారు. చెవుడంటే ఒకసారి వచ్చిందంటే వచ్చినట్టే ఉండాలని వాళ్ల లెక్క. నా చెవులు ఎవరి లెక్కకూ లొంగలేదు. ఒక వారం పక్క వీధిలో పిల్లలు కొట్లాడుకునే మాటలు కూడా తెలిసేవి. మరో వారం ఎదురుగా నిలబడి అరిచినా, నీళ్లలో మునిగి ఉన్నప్పుడు గట్టు మీది మాట వినిపించినట్టు ముద్దగా ఏదో శబ్దం మాత్రం వచ్చేది. ఎందుకలా జరుగుతోందో నాకే తెలిసేది కాదు. ఇక పెద్దవాళ్లకు ఎలా తెలుస్తుందిలే అని ఇప్పుడు అనుకుంటూ ఉంటాను గానీ, అలా అనుకున్నంత మాత్రాన కోపం తగ్గదు.

మాది చిత్తూరుకు పడమటి వైపున్న పల్లె. వేరుసెనగ పండించేవాళ్లం, నీళ్లున్న కయ్యలో కాస్త చెరకు వేసేవాళ్లం. ఇంట్లో అమ్మ, నాయన, మా నాయన తండ్రి అయిన తాత, నేను, పాలు తాగే తమ్ముడు. పుట్టినప్పుడు నాకు ఏ లోపమూ లేదని, మాటలు కూడా తొందరగానే వచ్చాయని అమ్మ చెప్పేది. బడికి వెళ్లడం మొదలుపెట్టిన ఏడాది చెరకు బండి మీద నుంచి జారి పడ్డాను. పెద్ద దెబ్బేమీ కాదు. నుదుటి మీద బొప్పి కట్టింది, పసుపు పెట్టారు, తగ్గిపోయింది. ఆ తరువాతి రోజుల్లోనే వినికిడి తగ్గింది. కొన్నాళ్లకు మళ్లీ కొంత వచ్చింది. బొప్పికీ చెవులకూ సంబంధం ఉంటుందని ఎవరికి తడుతుంది? ఎవరూ ఆ రెండింటినీ కలిపి చూడలేదు.

బడిలో మా అయ్యవారు వెనక నుంచి పాఠం చెబుతూ నడిచేవాడు. ముందు నుంచి చెబితే పెదవులు చూసి ఎంతో కొంత పట్టుకునేదాన్ని. వెనక నుంచి ప్రశ్న వస్తే నాకు తెలిసేది కాదు. తెలిసేలోపే నెత్తిన మొట్టికాయ పడేది. ఆయన వేలి కణుపులు గట్టివి. మొట్టికాయలు తిన్న మర్నాడు ఇంకా తక్కువ వినిపించేది, తక్కువ వినిపించినందుకు ఇంకా ఎక్కువ మొట్టికాయలు పడేవి. ఒకరోజు ఆయన మా నాయనను సంతలో పట్టుకుని, "ఈ పాపకి ఇష్టముంటే ఇనపడతాది, లేకుంటే లేదబ్బా. దొంగ చెవుడు ఇది" అని తేల్చి చెప్పాడట. ఆ రోజు నుంచి మా ఇంట్లో నా చెవుడికి ఆ పేరే స్థిరపడింది.

ఇంట్లోనూ పరీక్షలు మొదలయ్యాయి. అమ్మ వంటింట్లో నుంచి గొంతు తగ్గించి, "బెల్లం ముక్క ఉండాది, ఎవురికి కావాల" అనేది. మంచి రోజైతే నేను పరుగెత్తుకుంటూ వెళ్లేదాన్ని. అంతే, దొరికిపోయినట్టే. చెత్త ఊడ్వమంటే వినిపించని చెవులు బెల్లానికి ఎలా తెరుచుకున్నాయని అడిగేది. చెత్త ఊడ్వమన్నది నిన్న, బెల్లమన్నది ఇవాళ అని చెప్పడానికి నాకు అంత తెలివి లేదు. బెల్లం మాత్రం చేతిలో పెట్టేది. అది తింటూ ఏడ్చిన రోజులున్నాయి.

ఈ పరీక్షలు పెట్టని మనిషి మా తాత ఒక్కడే. విత్తనానికి వేరుసెనక్కాయలు వలిచే కాలంలో ఇద్దరం వసారాలో ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. ఆయన మాట మొదలుపెట్టే ముందు నా గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకునేవాడు. నిదానంగా, పెదవులు బాగా కదిలిస్తూ మాట్లాడేవాడు. మిగతా వాళ్లంతా "ఇనపడిందా" అని అడిగితే, ఆయన "తెలిసిందా" అని అడిగేవాడు. తెలియలేదంటే విసుక్కోకుండా ఇంకోలా చెప్పేవాడు. నన్ను దొంగ అనుకోని మనిషి ఇంట్లో ఒకరున్నారనేదే నాకు ఆ వయసులో పెద్ద ధైర్యం. అమ్మ ఏమన్నా, అయ్యవారు ఎన్ని మొట్టికాయలు వేసినా, సాయంత్రానికి తాత ఎదుట కూర్చుంటే సరిపోయేది.

ఆయనే ఒకరోజు నా గడ్డం పట్టుకుని, "పాపా, మనమిద్దరం కాణిపాకం పోదాం" అన్నాడు. ఆ కథ మా వైపు పిల్లలందరికీ తెలిసిందే. ముగ్గురు అన్నదమ్ములు, ఒకడు గుడ్డి, ఒకడు మూగ, ఒకడు చెవిటి. నీళ్ల కోసం బావి తవ్వుతుంటే పార రాయికి తగిలి నెత్తురు వచ్చింది, ఆ నీళ్లు ఒంటికి తగలగానే ముగ్గురి లోపాలూ పోయాయి, ఆ రాయే వినాయకుడు. తాత ఆ కథను ఈసారి చెవిటివాడి వైపు నుంచి చెప్పాడు. వాడికి ముందు ఏం వినిపించిందో, వాడు ఎలా గంతులు వేశాడో అంతా చెప్పి, "ఆ సామి సెవుటోడికి సెవులిచ్చినాడు గదా. నీకు మాత్రం ఇయ్యడా?" అన్నాడు.

నేను ఊరంతా చెప్పుకుని తిరిగాను. చెవులు వచ్చాక మొదట ఏం వినాలో కూడా అనుకున్నాను. తాత పాలు పితికేటప్పుడు ఆవుతో ఏదో మాట్లాడేవాడు. తల ఆవు డొక్కకు ఆనించి ఉంచేవాడు కాబట్టి పెదవులు కనిపించేవి కావు, గొంతేమో బాగా చిన్నది. ఆయన ఆవుకు ఏం చెబుతాడో వినాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. అదే మొదట వినాలని నిర్ణయించుకున్నాను.

చిత్తూరు దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. దారి పొడుగునా తాత నన్ను కిటికీ పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. గుడి దగ్గర నాకు తలస్నానం చేయించాడు. ఒళ్లు తుడవలేదు, బట్టలు మార్చలేదు. తడి బట్టలతోనే లోపలికి పోవాలన్నాడు. ఆ తడిలోనే మహిమ ఉందేమో అనుకుని చెవుల్లో నీళ్లను కూడా తుడుచుకోలేదు నేను. గుళ్లో నాలాగే తడి బట్టలతో ఒక పెద్దాయన ఉన్నాడు, ఆయన చుట్టూ నలుగురైదుగురు ముఖాలు ముడుచుకుని నిలబడి ఉన్నారు. ఆయనకూ చెవులు వినిపించవు కాబోలు అనుకున్నాను. ఆ దేవుడు ప్రమాణాల దేవుడని, అక్కడ అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని, దొంగతనాలూ అప్పుల తగాదాలూ అక్కడే తేలతాయని పెద్దవాళ్లు అనుకుంటుంటే పెదవులు చూసి నేనూ పట్టుకున్నాను. కానీ ఆ సంగతికీ నాకూ ఏం సంబంధం? నేను చెవుల కోసం వచ్చినదాన్ని.

స్వామి కనిపించేచోట ఒక పక్కగా నిలబెట్టి, తాత నా గడ్డం పట్టుకున్నాడు. ఎప్పటిలాగే ముఖం తన వైపు తిప్పుకుని, ఎప్పటిలాగే నిదానంగా మాట్లాడాడు. అందువల్ల ఒక్క ముక్క కూడా తప్పిపోకుండా నాకు తెలిసింది. "పాపా, సామి ముందర అబద్ధం సెప్పకూడదు. నీకు నిజంగా ఇనపడదా? అబద్ధమైతే ఇప్పుడే నాకు సెప్పేయ్. నేనెవురికీ సెప్పను. మీ నాయన కూడా కొట్టడు."

ఆ చివరి మాటలే నన్ను కోశాయి. ఎవరికీ చెప్పనన్నాడు, కొట్టడన్నాడు. అంటే నేను తప్పు చేశానని అనుకుంటూనే నన్ను కాపాడడానికి చూస్తున్నాడు. వసారాలో కూర్చుని ఇన్నాళ్లూ నా ముఖం తన వైపు తిప్పుకున్నది కూడా ఈ అనుమానంతోనేనా? నాకు ఆ వయసులో ఇంత వివరంగా తట్టలేదు. నేను ఏడవలేదు. ఆయన చెప్పమన్నట్టే కుడిచెయ్యి చాచి, నాకు చెవులు వినపడవు, ఇది నిజం, అబద్ధమైతే స్వామి నన్ను శిక్షించాలి అన్నాను. నా గొంతు నాకే సరిగా వినిపించలేదు. ఆ రోజు అంత చెడ్డ రోజు.

బయటికి వచ్చాక ఆయన నాకు బొరుగులు, గాజులు, రంగుల బుట్ట కొనిపెట్టాడు. తాను ఏమీ ఎరగనట్టు నా తల తుడిచాడు. ఇంకా ఆశ చావక, చెవులు ఎప్పుడొస్తాయని అడిగాను. తాత పక్కకు చూస్తూ ఏదో అన్నాడు. ముఖం తిప్పుకుని ఆయన నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

ఇంటికి చేరేసరికి నాయన వాకిట్లో ఉన్నాడు. తాత నన్ను లోపలికి పంపించి నాయన దగ్గరికి వెళ్లాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. దూరం నుంచి పెదవులు చూసి మాట పట్టగలనని వాళ్లకు తెలియదు, ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. నాయన "సేసిందా?" అన్నాడు. తాత తల ఊపాడు. తరువాత ఆయన అన్న మాట ఈ రోజుకీ నా కళ్ల ముందు అలాగే ఉంది. "నేను సెప్పలా? నాతో అయితే నమ్మి వస్తాదని."

అంటే ఇంటిల్లిపాదికీ ముందే తెలుసు. నా చెవుల కోసమని నేను ఊరంతా చెప్పుకుంటుంటే అమ్మ మాట్లాడకుండా విన్నది. చెవిటివాడి కథను అంత ముచ్చటగా చెప్పింది నన్ను బస్సు ఎక్కించడానికి. నేను ఎవరిని నమ్ముతానో చూసి, ఆ మనిషినే తోడు పంపారు. మొట్టికాయ వేసిన అయ్యవారి మీద నాకు అంత కోపం రాలేదు. ఆయన నన్ను నమ్ముతానని ఎన్నడూ అనలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఆ ప్రమాణం పనిచేసింది. మర్నాడే తాత బడికి వెళ్లి, కాణిపాకంలో ప్రమాణం చేసి వచ్చిన పిల్ల, ఇంక ఎవరూ ఒక్క మాట అనడానికి వీల్లేదని అయ్యవారితో చెప్పాడు. మొట్టికాయలు ఆగిపోయాయి. అమ్మ బెల్లం పరీక్షలు మానేసింది. నన్ను దొంగ అన్న నోళ్లన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి. తాత కోరుకున్నది అదేనేమో. నన్ను అందరి ఎదుటా నిలబెట్టి గెలిపించాలనుకున్నాడేమో. అలా అయితే ఆ మాట నాకే చెప్పి తీసుకెళ్లి ఉండొచ్చు. చెబితే నేను ఇంకా ధైర్యంగా నడిచి వెళ్లేదాన్ని.

అసలు కష్టం ఆ తరువాత వచ్చింది. కొన్నాళ్లకు ఒక పొద్దున లేచేసరికి నాకు వినిపిస్తోంది. కాకులు వినిపిస్తున్నాయి. పొరుగింటి రేడియో వినిపిస్తోంది. చెంబులో పాల ధార పడే చప్పుడు వినిపిస్తోంది. గోడ ఇవతల నిలబడి తాత ఆవుకు చెప్పే మాట కూడా విన్నాను. "కదలొద్దు తల్లీ, అయిపోయె, అయిపోయె" అంటున్నాడు, అంతకంటే ఏమీ లేదు. అయినా ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. పరుగెత్తి వెళ్లి ఆయన మెడ పట్టుకోబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, వినపడదని దేవుడి ముందు ప్రమాణం చేశాను కదా. ఇప్పుడు వినపడుతోందంటే నేను చేసింది అబద్ధపు ప్రమాణమే అవుతుంది. కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

అంతవరకూ నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆ రోజు నుంచి ఆడాను. వినిపిస్తున్నా వినిపించనట్టు ఉండటం నేర్చుకున్నాను. గిన్నె కింద పడితే ఉలిక్కిపడకూడదు. పిలిస్తే తిరగకూడదు. తమ్ముడు ఏడిస్తే తల ఎత్తకూడదు. అది చెవుడి కంటే చాలా కష్టమైన పని. దొంగ చెవుడని వాళ్లు నాకు పెట్టిన పేరును, ఆ పేరు పోగొట్టడానికి చేయించిన ప్రమాణమే నిజం చేసింది.

ఆ మంచి రోజుల్లోనే ఒక సాయంత్రం నేను వసారాలో ఒక్కదాన్నే కూర్చుని కాయలు వలుస్తున్నాను. వెనక నుంచి తాత "పాపా" అని పిలిచాడు. చాలా మెల్లగా, అడుగుతున్నట్టుగా పిలిచాడు. నాకు స్పష్టంగా వినిపించింది. అది పరీక్షో, ప్రేమో నాకు తెలియలేదు. కాణిపాకానికి ముందైతే ఆ అనుమానమే వచ్చేది కాదు. చేతిలో కాయను వలుస్తూనే ఉన్నాను. ఆయన మళ్లీ పిలిచాడు. నేను తిరగలేదు. కాసేపు అక్కడే నిలబడి, చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు. ఆ చప్పుడు దూరమయ్యేదాకా విన్నాను.

ఆ మంచి రోజులు ఎక్కువ కాలం నిలవలేదు. ఈసారి తగ్గినది మళ్లీ అంత బాగా ఎన్నడూ రాలేదు. మెట్టు తరువాత మెట్టు దిగుతూ, పెళ్లి నాటికి ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది యంత్రం పెట్టినా పెద్ద శబ్దాలకే పలుకుతుంది. తాత బతికి ఉన్నన్నాళ్లూ నాతో గడ్డం పట్టుకునే మాట్లాడాడు. నేను తల ఊపేదాన్ని. ఆ ప్రయాణం గురించి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుతున్నానంటే, మా మనవరాలి కారణంగా. మా ఇళ్లలో మేనరికాలు ఎక్కువ. నాదీ మేనరికమే, నా కూతురిదీ మేనరికమే. కూతురు తిరుపతిలో ఉంటుంది, అల్లుడు నాయుడుపేటలో కంపెనీ పనికి వెళ్లివస్తాడు. వాళ్ల పాప రెండో తరగతి. బడి ఆటల్లో ఇంకో పిల్ల తలా ఈ పిల్ల తలా ఢీకొన్నాయి, ఆ వారంలో వినికిడి తగ్గింది. స్కానింగ్ తీయించారు. డాక్టరమ్మ చెప్పేది నాకు అక్షరాలుగా కనిపించేలా కూతురు ఫోన్ నా చేతికిచ్చింది. చెవి లోపల ఒక సన్నని గొట్టం ఉంటుందట. ఈ పాపకు తల్లి కడుపులో ఉన్నప్పుడే అది ఉండాల్సిన దానికంటే వెడల్పుగా ఏర్పడిందట. మేనరికాలున్న ఇళ్లలో ఇది రక్తంలోనే వచ్చే అవకాశం ఎక్కువట. ఇలాంటి పిల్లలకు పుట్టినప్పుడు వినిపించవచ్చు, పెరిగేకొద్దీ తగ్గుతూ పోతుంది. ఒక్కోసారి తగ్గి, మళ్లీ కొంత వస్తుంది. తలకు చిన్న దెబ్బ తగిలినా పడిపోవచ్చు, అందుకని జాగ్రత్తగా చూసుకోవాలి. పాప బాగా వినే రోజులున్నాయని, అబద్ధమేమోనని బడిలో అంటున్నారని నా కూతురు అడిగింది. ఫోన్‌లో జవాబు వచ్చింది. పాప అబద్ధం చెప్పడం లేదమ్మా, ఈ లోపం నడిచే తీరే అది.

ఆ వాక్యం జరిగిపోకుండా ఫోన్‌ను గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. తరువాత, నాకూ ఆ స్కానింగ్ తీయించమన్నాను. ఈ వయసులో దానివల్ల వైద్యమేమీ మారదని డాక్టరమ్మ చెప్పింది, కూతురు మొహమాటంతో నా చెయ్యి గిల్లింది. వైద్యానికి కాదు, నాకు సాక్ష్యం కావాలన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి రాసిచ్చింది. తీసి చూస్తే నా రెండు చెవుల్లోనూ అదే. ఆ ఫిలిం పట్టుకుని ఆసుపత్రి వరండాలో నిలబడితే చూపించడానికి ఎవరూ లేరు. అయ్యవారు పోయాడు, నాయనా అమ్మా పోయారు, తాత పోయి చాలా కాలమైంది. నా తల మీద పడ్డ ఒక్కో మొట్టికాయకూ ఎంత వినికిడి పోయిందో ఎవరిని అడగాలి? అక్కడే ఏడ్చాను. సంతోషమని నా కూతురు అనుకుంది.

మొన్న ఆదివారం పాప నేల మీద కూర్చుని బొమ్మ గీసుకుంటోంది. మా కూతురు వంటింటి గుమ్మంలో నిలబడి, పాప వీపు వైపు చూస్తూ ఏదో అంది. పెదవులను బట్టి ఐస్‌క్రీమని తెలిసింది. పాప మెడ ఇంత తిరిగి, మళ్లీ టక్కున ఆగిపోయింది. పెన్సిలు మాత్రం కదులుతోంది. ఆ ఆగడం ఏమిటో ఈ ఇంట్లో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. నా కూతురి మీద నేను అంతలా అరిచి ఎరగను. "ఊరికే చూసినాను మా, ఎంత వినపడుతుందోనని" అంది పాపం. ఊరికే చూడొద్దన్నాను. చూడాలంటే ఎదురుగా వెళ్లి, చూస్తున్నానని చెప్పి చూడమన్నాను.

తరువాత పాప పక్కన కూర్చుని, ఇవాళ వినిపిస్తోందా అని అడిగాను. అది వాళ్లమ్మ వైపు భయంగా చూసి, తల ఊపింది. నిన్న వినిపించలేదు కదా అన్నాను. లేదంది. నిన్నటిదీ నిజమే, ఇవాళ్టిదీ నిజమే, వినిపించిన రోజు వినిపించిందని చెప్పు, నీకు ఏ శిక్షా పడదని చెప్పాను. అప్పటి నుంచి ఆ పిల్ల పొద్దున్నే నా మంచం దగ్గరికి వచ్చి, ఆ రోజు చెవులు ఎలా ఉన్నాయో వేళ్లతో చూపిస్తుంది. నేను నిజమా అని అడగను. సరే అంటాను.

మా తాత నన్ను ప్రేమించాడు, అందులో నాకు అనుమానం లేదు. అయినా నేను ఆయనను క్షమించలేదు. నా చిన్నతనంలో ఒక్కసారి ఆ సరే అనే మాట ఆయన నోట వచ్చి ఉంటే, ఆ సాయంత్రం ఆయన పిలిచినప్పుడు నేను వెనక్కి తిరిగేదాన్ని.